అచ్చమ్మ అడిగింది

మలేషియాలో ఏ తెలుగువాళ్ల రామాలయంలోనైనా పూజారి మారుతున్నాడంటే నాకు ఫోను వస్తుంది. ఇపోలో ఉంటాను, ఉద్యోగం నుంచి రిటైరయ్యాను, కారుంది, నోరుంది. ఈ పనికి అంతకు మించి అర్హతలు ఎవరూ అడగలేదు. పాతాయన మర్యాదగా దిగాలి, కొత్తాయన కుదురుకోవాలి, మధ్యలో జనం రెండు ముక్కలు కాకూడదు. నేను చూసుకునేది అంతే. విన్నంత తేలిక కాదు. ఒక ఊళ్లో పాత పూజారి పొద్దున, కొత్త పూజారి సాయంత్రం పోటీపడి హారతులిచ్చి, చివరికి ఒకే రాముడికి రెండు కమిటీలు తయారయ్యాయి. అప్పట్నుంచి నేనొక నియమం పెట్టాను. దిగినాయన ఏడాదిపాటు పూజారి పని ముట్టుకోకూడదు. గుడికి రావచ్చు, అందరితోపాటు కూర్చోవచ్చు, ప్రసాదం తినచ్చు. గంట మాత్రం పట్టకూడదు.

నియమం చెప్పినప్పుడు అందరూ తల ఊపుతారు. ఎక్కడికక్కడ తప్పించుకోవడం తర్వాత మొదలవుతుంది.

సుంగై సుమున్ అనే తోటల ఊళ్లో దిగాల్సినాయన కూర్మయ్య. తండ్రి దగ్గర నేర్చుకుని, కొబ్బరితోటల కాలంలో మొదలుపెట్టి, ఆ తోటలు పామాయిల్ తోటలైనా ఆపలేదు. చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో బారసాల, పెళ్లి, చావు అన్నీ ఆయన చేతిమీదే జరిగాయి. దగ్గర్లో ఇంకో అయ్యవారు లేడు. అందుకని అయినవాళ్లు పోయి తనకే మైల వచ్చినా, స్నానం చేసి వచ్చి ఆయనే శంఖం ఊదేవాడు. శాస్త్రం ఒప్పుకుంటుందా అంటే ఒప్పుకోదు. మరి శవాన్ని ఎన్నాళ్లు ఉంచుతారు?

మోకాళ్లు అరిగి, చూపు మందగించి, ఆయనే ఇక చాలన్నాడు. కమిటీ పెద్ద కాంతయ్య నన్ను పిలిపించాడు. మోటర్‌బైకుల షాపు నడిపే మనిషి. ఊరి మంచీ చెడూ అంతా తన భుజాల మీదే మోస్తున్నట్టు ఆయాసపడుతుంటాడు. మాటలన్నీ సజావుగా అయ్యాక, కూర్మయ్య భార్య అచ్చమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. కిడ్నీలు చెడి దగ్గరి టౌను తెలుక్ ఇంతాన్‌లో డయాలిసిస్ చేయించుకుంటోంది. చేతి మీద సూది పోట్ల ఉబ్బు కనిపించకుండా పైట కప్పుకుని, నాకు తే ఓ, అంటే పాలు లేని టీ, కలిపి ఇచ్చింది.

"ఈయన్ని నిజంగా దింపుతావా, ఉత్తినే దండేసి పంపేస్తావా?" అంది.

నిజంగానే అన్నాను.

"మా అయ్య పోయిననాడు ఈయన అయ్యోరు. మా యమ్మ పోయిననాడూ అయ్యోరే. నానొక మూల కూకుని ఏడస్తంటే, ఈయన ఇంకో మూల మంత్రాలు సదివినాడు. నా పక్కకి వచ్చినోడు కాదు. నాను పోయిననాడైనా ఈయన నా మొగుడుగా ఉండాల, వసంతమ్మా. ఇంకేటీ అడగను."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. కొట్లో ఉప్పు అడిగినట్టు అడిగింది. తప్పకుండా అన్నాను. నియమం ఉంది కదా అని నా ధైర్యం.

కొత్త పూజారి కిశోర్‌కుమార్. సుంగై సిపుట్ వాడు, ముప్పై నిండలేదు. ఫ్యాక్టరీ పని మానేసి, మూడు గుళ్లు తిరిగి నేర్చుకున్నాడు. మంత్రాలు తప్పు పోవు. తెలుగే కొంచెం అరువు సరుకు, మధ్యలో తమిళాన్నీ, చివర్లో మలేషియా 'లా'నీ తోడు తెచ్చుకుంటుంది. బుద్ధిమంతుడు. అదే నా తలనొప్పి. ఎవరైనా పెద్దవాళ్లు ఎదురొస్తే పక్కకి తప్పుకుంటాడు, దారి తనదైనా సరే.

జనం వాడికి దణ్ణం పెడతారు, దక్షిణ ఇస్తారు, ఆపైన కొత్త కారు తీసుకుని తిన్నగా కూర్మయ్య ఇంటికి పోతారు, టైరు కింద నిమ్మకాయ ఆయనే పెట్టాలని. పిల్లకి పేరు ఆయనే చెవిలో చెప్పాలి. కూర్మయ్య మొదట్లో వద్దన్నాడు. తర్వాత ఇదొక్కటే అన్నాడు. ఆ తర్వాత అనడం కూడా మానేశాడు. నువ్వు పెట్టిన రూలు మా పెరటి గుమ్మంలోంచి ఎల్లిపోతోందని అచ్చమ్మ నాకు ఫోను చేసి చెప్పింది. నవ్వుతూనే చెప్పింది గానీ, ఆ నవ్వు నాకు నచ్చలేదు.

కారేసుకుని వెళ్లి ముగ్గుర్నీ విడివిడిగా తిట్టాను. పాపం వాళ్లు ఆశపడి వస్తే ఎలా పొమ్మంటానని కూర్మయ్య తల దించుకున్నాడు. జనం నోరు తను మూయలేనన్నాడు కాంతయ్య. నిజానికి ఆయన కొత్త లారీకి నిమ్మకాయ పెట్టించింది కూడా కూర్మయ్యతోనే. మరి నువ్వెందుకు ఊరుకుంటున్నావని కిశోర్‌ని అడిగాను.

"తాత కద ఆంటీ," అన్నాడు. "పెద్దోరి చేతిలోంచి లాక్కోడం ఎలాగ లా?"

లాక్కోవడం కాదురా, అందుకోవడం అన్నాను. అర్థమైందన్నట్టు తల ఊపాడు. వాడి తల ఊపుళ్లు నాకు బాగా అలవాటైపోయాయి.

వానాకాలంలో ఒక పొద్దున కాంతయ్య ఫోను చేశాడు. డయాలిసిస్‌కి బయల్దేరబోతూ అచ్చమ్మ గుమ్మంలోనే కూలబడిపోయిందట, ఆస్పత్రి దాకా కూడా దక్కలేదట. దారి పొడుగునా నేను ఏడవలేదు. కిశోర్‌కి ఫోను చేసి, ఇవాళ నువ్వే అని చెప్పాను. సరే ఆంటీ అన్నాడు.

నేను చేరేసరికి ఇంటి ముందు టెంటు వేశారు. రోడ్డు పక్కన మోటర్‌బైకులు బారులు తీరాయి. అచ్చమ్మని మంచం మీద పడుకోబెట్టి, పసుపు రాసి, ఎర్రచీర కప్పారు. ముందురోజే జొహోర్ నుంచి వచ్చిన కూతురు సుగంధి తల దగ్గర కూర్చుని ఏడుస్తోంది. కిశోర్ పంచె కట్టుకుని, సామాను సంచీతో టెంటు అంచున నిలబడ్డాడు. ఎవరూ రమ్మనలేదు, వాడూ లోపలికి రాలేదు. కూర్మయ్య స్నానం చేసి, తడి పంచెతో, నుదుట నామం పెట్టుకుని బయటికి వచ్చాడు.

నామం పెట్టుకున్నాడంటే పూజారిగానే వచ్చాడన్నమాట. కాంతయ్య లోపల్నుంచి శంఖం తెచ్చి, తుడిచి, రెండు చేతులతో ఆయనకిచ్చాడు. "మొదలెట్టండి, అయ్యోరూ. పొద్దెక్కిపోతంది."

కూర్మయ్య తీసుకున్నాడు. ఎత్తాడు, ఊదాడు. ఒక్క వణుకు లేకుండా, ఊళ్లో అందరి చావుకీ ఎలా ఊదాడో అలాగే ఊదాడు. జనమంతా ఒక్కసారి ఊపిరి వదిలారు, ఇక ఫరవాలేదన్నట్టు. నాకు మండిపోయింది. పెళ్లాం పోయిన మనిషి చేత ఆమె చావుకే పని చేయించుకుంటూ, వీళ్లకి ప్రాణం కుదుటపడిందట. వీళ్లు చెడ్డవాళ్లా అంటే కాదు. వాళ్లకి చావంటేనే ఆ చేతిలో ఆ శంఖం. అందులో ఏదో తప్పుందని ఒక్కరికీ తోచలేదు. అందరికన్నా ముందు కూర్మయ్యకే తోచలేదు.

ఆయన మంత్రం ఎత్తుకున్నాడు. మంచానికి కాళ్లవైపు నిలబడి, అచ్చమ్మ ముఖం వైపు చూడకుండా చదువుతున్నాడు.

నేను లేచి వెళ్లి ఆపేద్దామనుకున్నాను. నోరున్నదాన్నే. కానీ నేను ఆపితే అది ఇపో నుంచి వచ్చిన ఆవిడ చేసిన గొడవ అవుతుంది, ఆయన మళ్లీ శంఖమే పట్టుకుంటాడు. కిశోర్ దగ్గరికి వెళ్లాను. అచ్చమ్మ వంటింట్లో నన్ను అడిగిన మాట వాడి చెవిలో చెప్పాను. నియమం గురించి ఎత్తలేదు.

వాడు నా వైపు చూడలేదు. సంచీ కింద పెట్టి, జనంలోంచి తోసుకుంటూ వెళ్లి, కూర్మయ్య ఎదుట దోసిలి పట్టాడు. కూర్మయ్యకి కనపడలేదో, కనపడనట్టు ఉన్నాడో, చదువుతూనే ఉన్నాడు. తంబికి ఈ ఊరి పద్ధతి తెలీదు, పక్కకి రమ్మనండి అన్నాడు కాంతయ్య. కిశోర్ చెవులు ఎర్రబడ్డాయి గానీ వాడు కదల్లేదు.

"తాతా," అన్నాడు, అందరికీ వినపడేలా. "నీకు మైల. ఇలాగియ్యి."

ఎవరో అమ్మో అన్నారు. ఆ మాట ఊళ్లో అందరికీ చెప్పేవాడు కూర్మయ్య. నీకు మైల, నువ్వు ముట్టుకోకు, నువ్వు ఇటు కూర్చో అని. తిరిగి ఆయనకి చెప్పినవాళ్లు ఇంతవరకూ లేరు. కాంతయ్య ముందుకు రాబోతే, నేను ఆయన భుజం పట్టుకుని ఆపాను. గట్టిగానే పట్టుకున్నాను.

మంత్రం మధ్యలో ఆగిపోయింది. కూర్మయ్య కుర్రాడి ముఖంలోకి చూశాడు. ఆ తర్వాత, అప్పుడే ఎవరో వచ్చి కబురు చెప్పినట్టు, మంచం మీదున్న అచ్చమ్మని చూశాడు. శంఖం వాడి దోసిట్లో పెట్టేశాడు. పెట్టాక ఆయన చేతుల్ని ఏం చేసుకోవాలో ఆయనకే తెలియలేదు. పంచె సర్దుకున్నాడు, నామం తడుముకున్నాడు. ఎంతమంది మొగుళ్లకి, ఎంతమంది కొడుకులకి ఎక్కడ నిలబడాలో, శవం నోట్లో బియ్యం ఎప్పుడు పొయ్యాలో చెప్పిన మనిషి.

"ఇప్పుడు నానేటి సెయ్యాల, అయ్యోరూ?" అన్నాడు.

కిశోర్ శంఖాన్ని గుండెకి ఆనించుకున్నాడు. "ఏటీ సెయ్యొద్దు తాతా. మామ్మ కాడ కూకో. మిగిలింది నాను సూసుకుంటాను."

సుగంధి జరిగి చోటిచ్చింది. మోకాళ్లు వంగక, ఆయన్ని ఇద్దరు పట్టి కూర్చోబెట్టారు. కిశోర్ శంఖం ఎత్తాడు. మొదటిసారి గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి గరగరమంది. కాంతయ్యతో సహా ఎవరూ నోరెత్తలేదు. కూర్మయ్య అటు తిరిగి కూడా చూడలేదు. సూది పోట్లతో ఉబ్బిన ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, దాని మీద నుదురు ఆనించి, ఊరంతా వినేలా అచ్చమ్మా అని పిలిచి ఏడ్చాడు.

ఆమె అడిగింది అదే. ఇచ్చిన మాట నిలబడింది. ఆ ఏడుపు ఆమె ఒక్కతే వినలేకపోయిందన్న కోపం మాత్రం నాకింకా పోలేదు.