మొప్పల్లో నీలం

నిన్నగాక మొన్న చేరిన సాయిదుర్గని మేనేజర్ సుధారాణి మేడమ్ అందరి ముందూ మెచ్చుకుంటుంటే ఉమాశంకర్ కళ్లల్లో నిప్పులు పోసుకున్నాడు. మొప్పల ఫొటో చూసి చేప తాజాదో కాదో చెప్పే ప్రోగ్రామ్‌ని విశాఖ మధురవాడలోని ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒళ్లు హూనం చేసుకుని రాసింది అతను. అందులో ఫొటోలు చకచకా చదివించే కోడు ముక్క ఒక్కటి రాసి, పేరంతా ఆ పిల్ల కొట్టేసింది. టీమ్ లీడ్ పదవి కూడా ఆమెకేనని క్యాంటీన్‌లో గుసగుసలు. అతనికి అన్నం సయించడం లేదు.

తప్పు దొరక్కపోతుందా అని ఒక మధ్యాహ్నం ఒకే ఫొటోని తన కోడుతోనూ ఆమె కోడుతోనూ చదివించాడు. అంకెలు కలవలేదు! ఫొటోలో ప్రతి చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి. ఫొటోలు చదవడానికి దొరికే రెడీమేడ్ కోడుల్లో అతను వాడిన ఓపెన్‌సీవీ నీలాన్ని ముందు ఇస్తుంది, ఆమె వాడిన పిల్లో ఎరుపుని ముందు ఇస్తుంది. ఆమె చదివించిన ఎర్రటి మొప్ప అతని ప్రోగ్రామ్‌కి నీలంగా కనబడుతుంది. తాజా చేప కాస్తా కుళ్లిందైపోతుంది. ఆఫీసులో అందరూ వేగమే చూశారు గానీ ఇది చూడలేదు. ఉమాశంకర్ లోలోపల చంకలు గుద్దుకుని, నోరు కుట్టేసుకున్నాడు.

ఫిషింగ్ హార్బర్‌లో డెమో రోజున అక్కడే చేపలమ్మే సాయిదుర్గ వాళ్లమ్మ చిట్టమ్మ, అప్పుడే పడవ దిగిన వంజరం చేపలు తట్టనిండా తెచ్చిపెట్టింది. ఒకదాని మొప్ప ఫొటో తీస్తే ఫోన్‌లో "పాడైంది" అని వచ్చింది. ఇంకో చేపకీ అదే.

"ఏటీ, నా సేపలు కుళ్లిపోనాయా?" చిట్టమ్మ మొప్ప ఎత్తి ఎర్రదనం చూపించింది. సరుకు కొనడానికొచ్చినవాళ్లు నవ్వారు. సాయిదుర్గ మొహం పాలిపోయింది.

ఆ మొహం చూశాక ఉమాశంకర్ ఆగలేకపోయాడు. ఎవరూ అడక్కుండానే అందుకున్నాడు. "ఎరుపూ నీలం తారుమారయ్యాయి మేడమ్. తను పిల్లోతో చదివించింది కదా. ఒక్క లైను మారిస్తే చాలు."

సాయిదుర్గ అక్కడే కూర్చుని లైను మార్చింది. "తాజా" అని వచ్చింది. అప్పుడు తలెత్తి, మెల్లగా అడిగింది.

"అన్నా, నా కోడు నువ్వెప్పుడు సూసినావు?"

"ఇప్పుడే..." అన్నాడు. భుజాన ఉన్న అతని ల్యాప్‌టాప్ సంచికి జిప్ కూడా తీయలేదు. మేడమ్ ఆ సంచి వంక చూసింది, తర్వాత అతని వంక. టీమ్ లీడ్ ఎవరో ఇక వేరే చెప్పక్కర్లేకపోయింది.

చిట్టమ్మకి ఇదేమీ తెలియదు. తట్టలోకెల్లా పెద్ద వంజరం ఏరి అతని చేతిలో పెట్టింది. "సమయానికి నువ్వుండబట్టి సరిపోయింది బాబూ. నేకపోతే మా పిల్ల పరువు పోయేది."

సాయిదుర్గ విన్నది. తల్లికి నిజం చెప్పకుండా తల వంచుకుని ఫోన్లు సర్దుకుంది. వంజరం పట్టుకుని నిలబడ్డ ఉమాశంకర్‌కి, ఆ పిల్ల మంచితనం చూసి కూడా కడుపు మండింది.