చెప్పుకోలేని మనవి

మా మాచవరం క్రైస్తవ సంఘంలో ఆడవాళ్లు ప్రతి గురువారం ఒక ఇంట్లో చేరి ప్రార్థన చేసేవాళ్లు. ఒక్కొక్కరూ తమ మనవి పైకి చెప్పాలి, మిగతావాళ్లు దానికోసం ప్రార్థించాలి. గేదె పాలు చేపడం లేదని ఒకరు, మొగుడు కల్లు మానడం లేదని ఒకరు. చెప్పింది దేవుడి దగ్గరికి ఎప్పుడు చేరేదో తెలియదు గానీ, ఊళ్లోకి మాత్రం సాయంత్రానికే చేరేది.

పంతొమ్మిది వందల నలభై ఆరులో నాకు పంతొమ్మిదేళ్లు. తొలి కానుపు అయి ఏడు నెలలైంది. అప్పట్నుంచీ తుమ్మినా, దగ్గినా, గట్టిగా నవ్వినా చీర తడిసిపోయేది. గుడిలో పాట ఎత్తేది నేనే. గొంతు పైకి లేపితే అదే గతి. పాడటం మానేసి గోడవారన కూర్చునేదాన్ని. ఎందుకని అడిగితే ఏడుపు ముంచుకొచ్చేది. మంత్రసానికి చెప్పలేదు, అత్తకు చెప్పలేదు, మా ఆయనకు అసలే చెప్పలేదు. చచ్చేంత సిగ్గు.

ఒక గురువారం నా వంతు వచ్చింది. "చెప్పుకోలేని మనవి ఉంది, ప్రార్థించండి," అని బావురుమన్నాను.

"ఏందే దయామణీ, మొగుడా?" అంది సంఘ పెద్ద భార్య పున్నమ్మ.

నాకు ఏడుపు ఇంకా ఎక్కువైంది. పున్నమ్మకు ఆ జవాబు చాలు.

శనివారం మా గుడి పాస్టరు కృపావరం అయ్యగారు మా ఆయన్ని పిలిపించారు. మా ఆయన ఇశ్రాయేలు, తన ఎద్దును కూడా అదిలించని మనిషి. భార్యను ఏడిపించే పాపం ఏదో చేశావు, ఒప్పుకో అన్నారట అయ్యగారు. ఈయన చాలాసేపు ఆలోచించి, పిడుగురాళ్లలో వీధినాటకం చూశానని ఒప్పుకున్నాడు. అది కాదన్నారు. ఒక ఆదివారం అరక కట్టానన్నాడు. అదీ కాదన్నారు.

"ఇంక నాకాడ పాపాల్లేవు అయ్యగారూ," అన్నాడట పాపం.

అది మొండితనం అనుకున్నారు. రేపు ఆరాధనలో అందరి ముందూ ప్రకటించి, రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోకుండా ప్రభువు బల్లకు దూరం పెడతామన్నారు.

ఇంటికొచ్చి నా ఎదురుగా చతికిలపడ్డాడు. "ఏమే, నేనేం చేశానో చెప్పవే. మానుకుంటా," అన్నాడు. అయినా నోరు పెగల్లేదు. ఆ నోటిని చెప్పుతో కొట్టాలి.

ఆదివారం ప్రసంగం అయ్యాక అయ్యగారు ఆయన్ని ముందుకు పిలిచారు. ఆయన తల వంచుకొని నిలబడ్డాడు. ఆ వంచిన మెడ చూశాక నేనిక కూర్చోలేకపోయాను.

"అయ్యగారూ, ఆయన్ని వదిలెయ్యండి! నాకు కానుపైన కాడ్నుంచీ తుమ్మితే ఉచ్చ ఆగట్లేదు. పాడినా అంతే. అదే నా మనవి!"

మగవాళ్లంతా పైకప్పు దూలాలు లెక్కపెట్టసాగారు.

"నీకు ఏడు నెలలేగదే," అంది పున్నమ్మ. "నాకు పద్దెనిమిదేళ్లు."

"మరి తుమ్మొస్తే నేను దొడ్లోకి ఎందుకు పరిగెత్తుతున్నా అనుకున్నావే?" అంది మా అత్త పిచ్చమ్మ.

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, ఆడవాళ్ల వైపంతా నవ్వే నవ్వు. "నవ్వొద్దే, చానా కష్టం, నవ్వొద్దే!" అని అరుస్తూ పున్నమ్మ కూడా నవ్వింది. సగం మందిమి చాపల మీదనుంచి లేచి బయటికి పరుగు. అందరికంటే ముందు నేనే. ఆ పూట రొట్టె మొదట అందుకున్నది మా ఆయన.

నెలకోసారి పిడుగురాళ్లకు ఒక డాక్టరమ్మ వచ్చేది. ఉచ్చ బిగబట్టినట్టు లోపలి కండ బిగించి, పది లెక్కపెట్టి వదలమని ఆమే మాకు నేర్పింది. మూడు నెలలకు నేను మళ్లీ పాట ఎత్తాను. కొందరం ప్రసంగం వింటూ కూడా బిగించేవాళ్లం. మా ముఖాల్లో గాంభీర్యం చూసి అయ్యగారు ప్రసంగం ఇంకాస్త పొడిగించేవారు.

కానీ నేను మరిచిపోలేనిది ఆ ఆదివారం మర్నాడు, డాక్టరమ్మ దగ్గరికి మొదటిసారి బయల్దేరిన సోమవారం. మా ఆయన బండి కట్టాడు. ఆరుగురం ఎక్కాం. కదలబోతుంటే అయ్యగారు వచ్చి మా ఆయన ముందు చేతులు నలుపుకుంటూ నిలబడ్డారు. వెనకాల ఆయన భార్య, మా అమ్మగారు.

"ఇశ్రాయేలూ, ఇంకొకరికి చోటుంటుందా?"

"ఎక్కండి అమ్మగారూ," అంటూ మా ఆయన దిగిపోయి ఎద్దుల పక్కన నడిచాడు.

అమ్మగారు నా పక్కన సర్దుకుని కూర్చున్నారు. ఊరు దాటాక మెల్లగా అడిగాను.

"ఎన్నాళ్లనుంచమ్మా?"

"ఇరవై రెండేళ్లు."

"మరి అయ్యగారికి తెలవదా?"

"నిన్న రాత్రే చెప్పాను," అన్నారు అమ్మగారు.