మాస్టారు కాపు కాసిన జాగా

“ఎక్కడైనా జాగా చూసుకుని బండి పెట్టమ్మా. అది చూశానంటే ఇక దిగిపోవచ్చు,” అన్నాడు డ్రైవింగ్ పరీక్ష పెట్టే బ్రేక్ ఇన్‌స్పెక్టరు, పక్కసీట్లో సర్దుకుని కూర్చుంటూ.

అనడానికేం, ఎన్నయినా అనొచ్చు. ఆ బజారు వీధిలో పట్టపగలు కారుకు జాగా దొరకడమంటే మాటలా? రెండు పక్కలా బంపరుకు బంపరు ఆనించి కార్లు బారులు తీరి ఉన్నాయి. వాటి పక్కన ‘ఒక్క నిమిషం’ అని ఆపి ఎటో మాయమైనవాళ్ళ కార్లు ఇంకో బారు. మిగిలిన ఇరుకులో బండ్లన్నీ హారన్లు కొట్టుకుంటూ నత్తనడక నడుస్తున్నాయి. స్టీరింగు పట్టుకున్న ఆమె అరచేతులు అప్పటికే తడిసిపోయాయి.

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గాని, కర్టెన్ల కొట్టులో చేరిన నాటి నుంచీ అందరికీ కర్టెన్లక్కే. కొట్టు కింద నేలమాళిగలో కుట్టుమిషను ముందు కూర్చోవడం ఆమె పని. ఊరందరి కిటికీలకూ కర్టెన్లు కుట్టే ఆ గదికి ఒక్క కిటికీ లేదు. ఇప్పుడు కొట్టు వ్యాను నడిపే ముసలాయన మానేస్తున్నాడు. ఇళ్ళకు వెళ్ళి, కిటికీలు కొలిచి, కర్టెన్లు తగిలించి, నలుగురితో నాలుగు మాటలు మాట్లాడి వచ్చే పని అది. “సోమవారానికి లైసెన్సు తెస్తే వ్యాను తాళాలు నీవి. తేలేదంటే వేరే మనిషిని పెట్టుకుంటాను. తరవాత నా మీద అలగొద్దు,” అని కొట్టు యజమానురాలు ముఖం మీదే చెప్పేసింది. ఈవేళ శుక్రవారం. పరీక్షకు రావడం ఇది మూడోసారి. ఈసారి తప్పితే మళ్ళీ పిలుపు వచ్చేసరికి వ్యాను ఇంకొకరి చేతిలో ఉంటుంది, తను ఆ నేలమాళిగలోనే ఉంటుంది.

ఇందులో తల కొట్టేసినట్టుండే సంగతి ఇంకొకటి ఉంది. ఆమె మొగుడు డ్రైవింగ్ మాస్టారు. ఊళ్ళో సగం మందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పినవాడు. ఆయన దగ్గరే నేర్చుకుని తోడికోడలు మొదటిసారికే పాసైపోయింది, ఆ ముక్క కనిపించినప్పుడల్లా గుర్తు చేస్తూనే ఉంది. “వాడి చేతిలో రాళ్ళు కూడా డ్రైవర్లయ్యాయి, నీకేం వచ్చిందమ్మా?” అని అత్తగారు ఒకటే ఆశ్చర్యపోవడం.

ఏం వచ్చిందంటే ఏం చెబుతుంది? నేర్పే కార్లలో పక్కసీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. మిగతా శిష్యుల దగ్గర అది ఉన్న సంగతే గుర్తుండని మాస్టారు, పెళ్ళాం స్టీరింగు పట్టుకుంటే చాలు, దాని మీంచి కాలు తీయడు. ఎదురుగా కుక్క కనబడితే బ్రేకు. కుక్క వచ్చేలా ఉంటే బ్రేకు. కుక్కలుండే వీధి అని ఎవరో చెప్పారంటే బ్రేకు. ఆమె కాలు లేచేలోపు ఆయన కాలు పడిపోయేది. అలా అలా ఆమె కాలికి తన మీద తనకే నమ్మకం పోయింది. పోయిన రెండుసార్లూ జాగాలోకి వెనక్కి వస్తూ, ఎవరో ఒకరు ఆపుతారులే అన్నట్టు ఉండిపోయింది. ఇన్‌స్పెక్టరు ఆపాడు. ఇన్‌స్పెక్టరు బ్రేకు వేయాల్సి వచ్చిందంటే పరీక్ష పోయినట్టే.

అందుకని ఈసారి మాస్టారు ఒక ఏర్పాటు చేశాడు. డ్రైవింగ్ స్కూళ్ళవాళ్ళందరూ చేసే ఏర్పాటే. ఇన్‌స్పెక్టర్లకూ తెలుసు, తెలియనట్టు ఊరుకుంటారు. స్కూలుకున్న రెండో కారును పెందలాడే తెచ్చి, పరీక్ష జరిగే వీధిలో మంచి విశాలమైన జాగాలో పెట్టి కాపు కాస్తారు. శిష్యుడి కారు కనబడగానే దాన్ని బయటికి లాగేస్తారు. శిష్యుడు దర్జాగా అందులోకి దూరతాడు.

“మందుల షాపు ముందు ఉంటాను. నువ్వు ఇండికేటరు వెయ్యి, నేను తీసేస్తాను. కళ్ళు మూసుకుని పెట్టెయ్యొచ్చు,” అన్నాడు పొద్దున.

“కళ్ళు తెరుచుకుని పెట్టలేననా?” అంది ఆమె.

“అదిగో, ప్రతిదానికీ పెడర్థం.”

అలాగని ఆమె వద్దని అనలేదు. వద్దనేంత ధైర్యమే ఉంటే ఇంకేం కావాలి.

మందుల షాపు బోర్డు కనబడింది. దాని ముందు స్కూలు కారు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఇండికేటరు వేసి, వేగం తగ్గించి ఆగింది. ముందున్న కారు మాత్రం కదల్లేదు. మాస్టారు లోపలే ఉన్నాడు, ఆమెను చూశాడు కూడా, గాభరాగా చేతులు ఆడిస్తున్నాడు. ఏమొచ్చిందిరా భగవంతుడా అని తేరిపార చూస్తే అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ మహానుభావుడు పక్కసీట్లో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా స్టీరింగు లేదు. కాలి కింద ఆ ఒక్క బ్రేకు ఉంది, దాన్నే ప్రాణం పెట్టి తొక్కుతున్నాడు.

ఆయనకూ అప్పుడే తెలిసినట్టుంది. తలుపు తీయబోతే ఫుట్‌పాత్ మీది కరెంటు స్తంభం అడ్డొచ్చింది. సీటు మీంచే ఇవతలికి పాకబోయి మధ్యలో గేరు రాడ్డు దగ్గర ఇరుక్కున్నాడు. వెనక హారన్ల మోత ఎక్కువైపోయింది. మోటారు సైకిలాయన ఒకడు పక్కకొచ్చి, “ఏం తల్లీ, ఇల్లు కట్టుకుంటావా ఇక్కడ?” అని అడిగి మరీ పోయాడు.

“ముందుకు పోనియ్యమ్మా, దారి ఆపకూడదు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. మందుల షాపు వైపు చూసీ చూడనట్టు చూసి మూతి బిగబట్టుకున్నాడు.

మళ్ళీ అక్కడికి రావాలంటే వీధి చివరి దాకా పోయి, బట్టల గోదాముల వెనక సందులోంచి తిరిగి రావాలి. ఆ చుట్టంతా ఆమె కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఒకాయన తాళాలు ఆడిస్తూ వచ్చి కారు తలుపు తీశాడు. గంపెడాశతో ఆగింది. ఆయన లోపల్నుంచి గొడుగు తీసుకుని, తలుపు వేసి, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు. రెండు పెద్ద కార్ల మధ్య ఖాళీ కనబడి సంబరపడి దగ్గరికి పోతే, అందులో బుల్లి స్కూటరొకటి ముడుచుకుని ఉంది. ఇంకొకచోట ఖాళీ ఉన్నమాట నిజమే గాని, గేటు మీద ‘ఇక్కడ పెడితే గాలి తీసేస్తాం’ అని ఎర్రరంగుతో రాసి ఉంది. ఆ తరవాత ఖాళీ మధ్యలో ఒకావిడ రెండు చేతులూ చాపి నిలబడింది. “మా ఆయన వస్తున్నాడు,” అంది, ఎవరూ అడక్కుండానే. ఆవిడ ముఖం చూస్తే ఆ మాట పొద్దుట్నుంచీ అంటున్నట్టే ఉంది.

ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. ఆయన చూసుకోవడం ఈమె చూసింది.

మందుల షాపు మళ్ళీ దగ్గర పడింది. ఈసారి ఆమెకు ముందు ఇంకో కారు పోతోంది. తెల్లదే, అచ్చం తన కారులాంటిదే. మాస్టారు ఎట్టకేలకు స్టీరింగు ముందుకు చేరాడు, ఇంజను కూడా ఆన్ చేసి ఉంచాడు. తప్పు దిద్దుకునే ఆత్రంలో ఉన్న మనిషికి తెల్లకార్లన్నీ పెళ్ళాం కార్లే. ముందు కారు దగ్గరికి రాగానే రివ్వున బయటికి లాగేశాడు. ఆ కారాయన తన అదృష్టాన్ని తనే నమ్మలేక ఒక్క క్షణం ఆగి, ఆ పైన తాపీగా అందులోకి దూరిపోయాడు. దిగి, మాస్టారు వెళ్ళిన వైపు చెయ్యి కూడా ఊపాడు.

కర్టెన్లక్కకు నేలమాళిగ మెట్లు కళ్ళముందు కనబడ్డాయి. ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఆయన మీదా, తోడికోడలి మీదా, ఏ పాపమూ ఎరగని మందుల షాపు మీదా, అన్నిటికంటే పొద్దున వద్దనకుండా ఊరుకున్న తన మీదా మండింది. కోపం కాస్త చల్లారాక చూసుకుంటే, తమాషాగా, అరచేతుల చెమట ఆరిపోయి ఉంది. ఇక ఎవరూ ఎక్కడా కాపు కాయడం లేదు. ఎవరో తీస్తారని ఎదురు చూడనక్కర్లేదు.

“ఇదే ఆఖరి చుట్టు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “దొరక్కపోతే నేనేం చెయ్యలేనమ్మా, రాసేస్తాను.”

“దొరుకుతుంది సార్,” అంది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమెకే అనుమానమేసింది.

గోదాముల సందు తిరిగేసరికి ముందు మాస్టారు కారే. ఉన్న జాగా పోగొట్టిన పాపానికి ఇప్పుడు పెళ్ళాం తరపున వెతుకుతున్నాడు పాపం. ప్రతి ఖాళీ దగ్గరా తల బయటికి పెట్టి చూడటం, వెనక్కి తిరిగి ‘వద్దు’ అన్నట్టు చెయ్యూపడం. గోదాము ముందు ఆగి ఉన్న లారీకీ, పెద్ద ఇనప చెత్తకుండీకీ మధ్య ఒక ఖాళీ వచ్చింది. ఆయన అక్కడ బాగా నెమ్మదించి, చెయ్యి రెండుసార్లు ఊపి ముందుకు పోయాడు. నేర్పేటప్పుడు ఇలాంటివి ఎన్ని దాటించాడో లెక్కలేదు. ‘ఇది నీకు కాదు, పోనీ’ అనేవాడు. ఆమె పోనిచ్చేది.

ఈసారి పోనివ్వలేదు. లారీ పక్కన ఆపి ఆ ఖాళీని నిదానంగా చూసింది. కుండీ ఒక అంచు, లారీ వెనక బంపరు ఒక అంచు. కారు పొడుగు, దాని మీద ముందో మూరెడు, వెనకో మూరెడు. కర్టెనుకు కుట్టుకని గుడ్డ వదిలేదీ ఇలాగే, అవసరమైనంతే. చాలు అనుకుంది.

ఇండికేటరు వేసి రివర్సు గేరు వేసింది. వెనక హారన్లు మొదలయ్యాయి. కొట్టుకోనీ అనుకుంది. కారు తోక లోపలికి తిరుగుతుంటే లారీ మూల ఇన్‌స్పెక్టరు కిటికీ పక్కకే వచ్చేసింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. కింద రబ్బరు పట్టా మీద బూటు జరిగిన చప్పుడైంది. ఆ చప్పుడు ఆమెకు బాగా తెలుసు. నెలల తరబడి విన్న చప్పుడు. దాని తరవాత ఏం జరుగుతుందో కూడా తెలుసు.

“సార్, ఆ కాలు వెనక్కి పెట్టండి,” అంది, అద్దంలోంచి చూపు తిప్పకుండా. “బండి నా చేతిలోనే ఉంది.”

ఎవరితో అనాలో వాళ్ళతో ఇన్నాళ్ళూ అనలేకపోయిన మాట అది. ఇన్‌స్పెక్టరు ఆమెను ఎగాదిగా చూశాడు. పరీక్షకు వచ్చినవాళ్ళు తనతో అలా మాట్లాడటం ఆయన ఎరగడు. కాలు మాత్రం వెనక్కి తీశాడు.

ఆమె స్టీరింగు అటు నుంచి ఇటు పూర్తిగా తిప్పింది. వెనకద్దంలో కుండీ పెద్దదవుతూ వచ్చింది. ఇంకా ఉంది. ఇంకాస్త ఉంది. చాలు. తన కాలితో తనే నొక్కింది. కారు కుదుపు లేకుండా ఆగింది.

ఇన్‌స్పెక్టరు తలుపు తీసి కిందికి చూశాడు. చక్రానికీ ఫుట్‌పాత్‌కీ మధ్య బెత్తెడు జాగా ఉంది. “ఊఁ,” అన్నాడు. చేతిలోని అట్ట మీది కాగితంపై సంతకం పెట్టి, చీటీ చించి ఆమె చేతిలో పెట్టాడు. “పాసయ్యావు. ఆఫీసు ఈ మలుపులోనే, నేను నడిచిపోతాను.” దిగినవాడు మళ్ళీ వంగి, “మందుల షాపు దగ్గరాయన మీ మాస్టారా?” అన్నాడు.

“మా ఆయన సార్.”

“ఆహాఁ,” అని, ఇక ఏమీ అడగకుండా వెళ్ళిపోయాడు.

ఆమె దిగి ఫుట్‌పాత్ మీద నిలబడింది. అంతలో మాస్టారు కారు వచ్చింది. వచ్చి ఏం లాభం, ఆపడానికి జాగా ఏదీ? “ఏమైంది?” అని కిటికీలోంచి అరిచాడు. ఆమె నోరు తెరిచేలోపు వెనకవాళ్ళు ఆయన్ని తరుముకుంటూ పోయారు. ఇంకో చుట్టు తిరిగొచ్చి, “పోయిందా?” అన్నాడు. “లేదు,” అంది. “ఏంటి లేదు?” అంటూనే మళ్ళీ సాగిపోయాడు.

ఆయన అవస్థ చూడలేక ఆమె కారెక్కి ఇంజను ఆన్ చేసి కూర్చుంది. ఆయన కనబడగానే బయటికి లాగి, తన జాగా ఆయనకిచ్చింది. మాస్టారు ఆ ఇరుకును చూసి గుటక వేశాడు. ముందుకీ వెనక్కీ నానా తిప్పలు పడి, కుండీకి ఒకసారి ఠంగుమని తగిలించి, ఎలాగైతేనేం పెట్టాడు. దిగి ఆ జాగానూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

“ఇందులోనా పెట్టావు?”

“ఇందులోనే.”

“ఒక్కసారికే?”

“ఎక్కండి, వెనకవాళ్ళు తిడుతున్నారు. మా యజమానురాలు భోజనానికి వెళ్ళేలోపు కొట్టుకెళ్ళి తాళాలు అడగాలి.”

ఆయన ఎక్కి పక్కసీట్లో కూర్చున్నాడు. ముఖం వెలిగిపోతోంది. అమ్మకు ముందు చెప్పాలా, ఆమె తోడికోడలికి ముందు చెప్పాలా అని లెక్కలు వేస్తున్నాడు. బజారు దాటి కూడలి దగ్గరికి వచ్చేసరికి, అల్లంత దూరంలో ఒక తోపుడు బండి రోడ్డు దాటాలా వద్దా అని ఆలోచిస్తోంది. కారు గక్కున ఆగి, ఇంజను ఆగిపోయింది.

ఆ బ్రేకు ఆమె వేసింది కాదు.

తోపుడు బండి తన దారిన తను పోయింది.

“నీ మీద నమ్మకం లేక కాదు,” అన్నాడు మాస్టారు చివరికి, చిన్న గొంతుతో. “మిగతావాళ్ళ పక్కన కూర్చుంటే కారుకేమవుతుందో అని భయం. నీ పక్కన కూర్చుంటే నీకేమవుతుందో అని. కాలు దానంతటదే పోతుంది.”

ఆమె ఇన్నాళ్ళూ తనను తక్కువ చేసి చూస్తున్నాడనే అనుకుంది. అది భయమని తెలిస్తే జాలేసింది, ఆయన మీద ప్రేమ కూడా ముంచుకొచ్చింది. అయినా కారు స్టార్ట్ చేయలేదు.

“కాళ్ళు పైన పెట్టుకోండి,” అంది.

“ఏంటీ?”

“సీటు మీద. బాసింపట్టు వేసుకుని కూర్చోండి. అప్పుడే బండి కదులుతుంది.”

వెనక హారన్లు మొదలయ్యాయి. మాస్టారు వెనక్కి చూశాడు, ఆమెను చూశాడు. చెప్పులు విడిచి, ఒక్కొక్క కాలూ పైకి లాక్కుని బాసింపట్టు వేసుకున్నాడు. కూడలిలో పోలీసు ఆయన్ని వింతగా చూశాడు. ఆమె కారు స్టార్ట్ చేసి గేరు వేసింది.

“ముందు లారీ…” అన్నాడు, మోకాళ్ళు రెండూ చేతులతో అదిమి పట్టుకుని.

“చూశాను,” అని, ఆమె తనే బ్రేకు వేసింది.