వేళ్లకు రాసుకున్న నూనె

ఆసిఫా ఆపా ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా, హైదరాబాద్ వెళ్లిపోతోందని తెలిసినప్పుడు సుప్రజ ఒక్కటే అనుకుంది. ఆమె విమానం ఎక్కేలోగా, ఆమె నేర్పిన పాశ్చాత్య క్లాసికల్ పాటను ఒక్క స్వరం జారకుండా వాయించి వినిపించాలి. నోటితో థాంక్స్ చెబితే తీరే రుణం కాదది.

సౌదీ అరేబియాలోని యాన్బులో ఈ కంపెనీ క్వార్టర్ల కాంపౌండ్‌కి వచ్చిన కొత్తలో సుప్రజ వయొలిన్ అలమారాలో దుప్పట్ల అడుగున ఉండేది. విజయనగరంలో నేర్చుకున్న కర్ణాటక సంగీతం పెళ్లయ్యాక ఆ పెట్టెలోనే ఉండిపోయింది. పక్కింటి ఆసిఫా చిన్నప్పుడు సికింద్రాబాద్ కాన్వెంట్‌లో సిస్టర్ల దగ్గర పాశ్చాత్య వయొలిన్ నేర్చుకున్న మనిషి. చుట్టాలొచ్చారని దుప్పట్లు అడగడానికి వచ్చి పెట్టెను చూసేసింది.

"దీన్నెందుకమ్మా పండబెట్టినవ్? లేపు."

లేపడం అంత తేలిక కాలేదు. సుప్రజకు నేల మీద మఠం వేసుకుని, వయొలిన్ చివర కుడి పాదానికి ఆనించి వాయించడం అలవాటు. ఆసిఫా నేర్పే సంగీతానికి నిలబడాలి, గడ్డం కింద ఇరికించాలి. అది ఎలాగో వచ్చింది. ఎడమ చేతి వేళ్లే మాట వినలేదు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారకుండా వెళ్లడం వాటికి తెలీదు.

ఆసిఫా ఆ సంగీతపు మూడొందల ఏళ్ల చరిత్రను వంటింట్లో టీ కాస్తూ చెప్పేది.

"ముందు బరోక్. రాసినాయన గుడ్డ సాదాగ ఇస్తడు, లేసు కుట్టుకునేది వాయించేటోళ్లు. తరవాత క్లాసికల్. ఊడ్చి తుడిచిన ఇల్లు, ఎక్కడి గిన్నె అక్కడనే. రొమాంటిక్ వచ్చినంక అదే ఇంట్ల మనుషులు గొంతు విప్పి ఏడ్చిన్రు, నవ్విన్రు. అండ్ల జారొచ్చు."

"ఆ తరవాత, ఆపా?"

"ఆ తరవాతోళ్లు గోడలే కూలగొట్టిన్రు. ముందు నువ్వు ఇల్లు తుడువు."

ఆ క్లాసికల్ పాట సుప్రజ ఎంతసేపు సాధన చేసిందంటే, ఆమె భర్త ఉదయ్‌కిరణ్ రిఫైనరీకి వెళ్తూ దాన్నే ఈల వేసేవాడు. "నాకొచ్చీసింది. నువ్వు తప్పుకో, నేను వాయిస్తాను" అనేవాడు.

వీడ్కోలు సాయంత్రం ఆసిఫా హాల్లో అట్టపెట్టెల మధ్య ఇరుగుపొరుగు కూర్చున్నారు. బరోక్, క్లాసికల్, రొమాంటిక్ పాటలు ఒక్కోటి, చరిత్ర వరసలోనే సుప్రజ వాయించాలని ఏర్పాటు. లోపలి గదిలో సుప్రజ పెట్టె తెరిచింది. ఆమె గమనించేలోగానే చెయ్యి చిన్న డబ్బా మూత తీసి, కొబ్బరినూనె అద్దుకుని, వేళ్లకు రాసేసింది. వేళ్లు తీగ మీద సులువుగా జారడానికి విజయనగరంలో గురువుగారు నేర్పిన అలవాటది. ఇంట్లో నేల మీద కూర్చుని కీర్తన వాయించుకునే రోజుల్లో తప్ప ఆ డబ్బా తెరవదు. ఇవాళ కంగారులో చెయ్యి పాత దారి పట్టింది.

చున్నీతో తుడుచుకుని ఒక స్వరం పట్టి చూసింది. సబ్బు నీళ్ల మీద కాలు పడ్డట్టు వేలు జారిపోయింది.

పిలవడానికి వచ్చిన ఆసిఫా గుమ్మంలోనే వాసన పట్టింది.

"కొబ్బరినూనెనా?"

"చెయ్యి దానంతటదే రాసీసింది, ఆపా. ఇవాళ కూడా పాడుచేసీసాను."

ఆసిఫా ఆమె వేళ్లు పట్టుకుని చూసింది. హాల్లోకి వెళ్లి అందరికీ చెప్పింది. "ఇయాల చరిత్ర ఎనకనుంచి మొదలైతది. సామాన్లు సర్దినోళ్లకు తెలుసు గదా, ఆఖర్న పెట్టిందే ముందు బయటికొస్తది."

అలా రొమాంటిక్ పాట ముందుకొచ్చింది. అందులో నూనె వేళ్లు ఎంత జారితే అంత బాగుంది. ఎవరో టీ కప్పు పెదాల దాకా తెచ్చి అలాగే ఉండిపోయారు.

పాటయ్యాక ఆసిఫా పకోడీల పళ్లెం అందరి ముందూ పెట్టి, సుప్రజను వంటింట్లోకి తీసుకెళ్లింది. కలపగా మిగిలిన శనగపిండితో ఒక్కొక్క వేలూ రుద్ది కడిగింది. తీగలు పొడిగుడ్డతో తుడిచింది. పసిపిల్లకు తలంటినట్టు చేసింది, తొందరపడలేదు.

"ఇగ పో. ఇల్లు తుడిచి రా."

సుప్రజ నిలబడి, వయొలిన్ గడ్డం కింద పెట్టుకుంది. పాట మొదటి నుంచి చివరి వరకు ప్రతి స్వరమూ తన చోట తాను నిలబడింది. ముగిశాక అందరూ చప్పట్లు కొట్టారు. ఆసిఫా మాత్రం కళ్లద్దాలు తీసి దుపట్టా కొసతో తుడుచుకుంది.

"ఇది మీకిద్దామనుకున్నాను, ఆపా. ఇదీ మీరే ఇచ్చారు" అంది సుప్రజ, ఆమెకు మాత్రమే వినపడేలా.

"అయితే ఆ నూనె డబ్బా నాకియ్యి. మోకాళ్లకు పనికొస్తది."

సుప్రజ నవ్వుతూ డబ్బా తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. ఆసిఫా దాన్ని హ్యాండ్‌బ్యాగులో పాస్‌పోర్టు పక్కన దాచుకుని, తన వయొలిన్ అందుకుంది.

"బరోక్ ఇద్దరం వాయిద్దాం. గుడ్డ నాది, లేసు నీది."