పెట్టె విప్పని షీల్డులు

మా దండులో ఒక్కటి తప్ప షీల్డు లేని ఓడ లేదు. షీల్డు తగిలించుకున్న ఓడా లేదు. ఉన్నవన్నీ పెట్టెల్లోనే ఉన్నాయి. ఆ ఆదివారం మధ్యాహ్నం మా మీదికి వచ్చినవాళ్లకు ఈ సంగతి ఎవరు చెప్పారో తెలియదు గాని, వాళ్లు చాలా నిమ్మళంగా వచ్చారు.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఇది ఫోనులో ఆడే అంతరిక్షం ఆట. ఒక్కొక్కరికి ఒక ఓడ. ఆకాశంలో తేలే బండలను తవ్వాలి, తవ్విందాన్ని అమ్మాలి, వచ్చినదాంతో ఓడకు అప్‌గ్రేడులు కొనాలి. పెద్ద ఇంజను, పెద్ద గోడౌను, షీల్డు, ఇట్లాంటివి. కొందరు కలిస్తే ఒక దండు. దండులోవాళ్లు ఆటలోనే ఒకరికొకరు రాసుకోవచ్చు, అప్‌గ్రేడులు బహుమతిగా పంపుకోవచ్చు. పంపినవాళ్ల పేరు దానిమీద పడుతుంది. ఒకసారి ఓడకు తగిలిస్తే ఇక ఊడదు, ఇంకొకరికి ఇవ్వడానికి రాదు. ఓడ పగిలిందంటే మనిషి మొదటి మెట్టు మీద పడి, దండులోంచి బయటికి పోతాడు. తిరిగి రావాలంటే నెలలు పడుతుంది. ఇంతే. మా అత్త నల్లమ్మకు ఒక పూటలో అర్థమైంది, మీకూ అవుతుంది.

దండుకు పెద్దను నేను. పేరు లావణ్య. రాప్తాడులో హైవే పక్కన నాకు టైలరింగ్ షాపు ఉంది, రవికలు కుడతాను. కొత్తగా చేరినవాళ్లకు సూచనలు రాసేది కూడా నేనే, ఇంకెవరూ రాయరు కాబట్టి. మొదట గోడౌను పెంచుకో, తుపాకీ తర్వాత. తవ్వింది పెట్టుకోవడానికి చోటు లేనివాడు ఎవరిని కాల్చి ఏం లాభం? ఇంధనం సగానికి వస్తే వెనక్కి తిరుగు, ముందు ఇంకో బండ మెరుస్తున్నా సరే. బోరు మీద బోరు వేసిన ఈ సీమవాళ్లకు ఆ ముక్క చెప్పనక్కరలేదనుకున్నాను, వాళ్లకే ఎక్కువసార్లు చెప్పాల్సి వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యం, షీల్డు చేతికొచ్చిన రోజే ఓడకు తగిలించు. దీన్ని అందరూ చదివారు. అందరూ కింద దండం బొమ్మ పెట్టారు. ఒక్కరూ తగిలించలేదు.

తప్పు నా రాతది కాదు, రవిక గుడ్డది. మా వైపు ఇంటికొచ్చిన ముత్తైదువకు బొట్టు పెట్టి, ఆకూ వక్కా రవిక గుడ్డా చేతిలో పెట్టి గాని పంపరు. తీసుకున్నామె దాన్ని కుట్టించుకుంటుందా? బీరువాలో పెడుతుంది. తన ఇంటికి ఇంకొకామె వస్తే ఆమెకు పెడుతుంది. అట్లా ఒక గుడ్డ ఊళ్లన్నీ తిరిగి, కత్తెర మొహం చూడకుండానే ముసలిదైపోతుంది. కుట్టుపని చేసి బతికేదాన్ని కాబట్టి ఆ మంట నాకు తెలుసు. నా దండువాళ్లు షీల్డును కూడా రవిక గుడ్డనే చేశారు. తగిలించుకోండి మహాప్రభో అని మొత్తుకుంటే, పుట్టపర్తిలో లాడ్జి కౌంటరులో కూర్చునే జయచంద్ర అందరి తరఫునా జవాబు రాశాడు.

"తగిలించుకుంటే రేపు ఇంగొకరికి ఏం పెట్టేదక్కా? ఉత్త చేతుల్తో పంపేదా?"

ఇక అమ్మ సంగతి. మాది కొత్తచెరువు. నాయన సుదర్శన్ శెట్టికి అక్కడ బట్టల అంగడి. అమ్మ పేరు సుమిత్రమ్మ, ఆ అంగడికి అసలు యజమాని. మా ఇల్లు వాసవీమాత గుడి కమిటీలో ఉండే ఇల్లు. నేను పెళ్లి చేసుకున్న విజయభాస్కర్‌ది ఆదివారం చర్చికి పోయే ఇల్లు. పెళ్లిరోజు అమ్మ వాకిట్లో నిలబడి వీధి వీధంతా వినేటట్టు చెప్పింది. "ఆ ఇంటి గడప తొక్కను. ఆ ఇంటినుంచి వచ్చిన నూలుపోగు కట్టను. దాంతో మాట్లాడను." అమ్మ మాటంటే మాటే. అంగడిలో కూడా ధర చెప్పి తగ్గించిన రోజు లేదు.

అది జరిగి రెండేళ్లు దాటింది. నాయన మాత్రం గోడౌనులో తానుల వెనక నిలబడి నాకు ఫోను చేస్తాడు. పోయిన శ్రావణంలో నాయన చేత అమ్మకు ఒక రవిక గుడ్డ పంపాను. ధర్మవరం పట్టు, నెమలి రంగు. మూలన నా గుర్తుగా ఎర్రదారంతో ఒక చిన్న కుట్టు వేశాను. దీపావళి పోయాక, నా దగ్గరే రవికలు కుట్టించుకునే హేమలత మేడమ్ షాపుకు వచ్చింది. ఆమె బడిలో టీచరు, మా దండులో కూడా ఉంది. "ఈ రంగు నాకు నప్పదమ్మా, నువ్వుంచుకో" అని నాకు బొట్టు పెట్టి ఒక గుడ్డ చేతిలో పెట్టింది. తిప్పి చూశాను. మూలన ఎర్రదారం. మేడమ్ ఆడబిడ్డ ఇల్లు కొత్తచెరువులో. ఆ ఆడబిడ్డకు మా అమ్మ పెట్టింది. ఏం చేయాలో తోచక మేడమ్‌కు టీ తెప్పించాను. ఆమె పోయాక ఏడ్చాను.

ఈ ఏడు వానలు లేవు. శనక్కాయ చేతికి రాకపోతే మా జిల్లాలో ఎవరూ గుడ్డ కొనరు. అంగడిలో ఈగలు తోలలేక నాయన ఫోనులో ఈ ఆట దించుకుని నా దండులో చేరాడు. అంగడి పేరే పెట్టుకున్నాడు, సుదర్శన్ క్లాత్ స్టోర్స్ అని. కొన్నాళ్లు ఓడను బండలకు గుద్దుతూ తిరిగాడు. ఒకరోజు ఆ ఓడ ఉన్నట్టుండి తిన్నగా నడవడం మొదలుపెట్టింది. జయచంద్ర దానిదగ్గర ఏదో ఖనిజం కొనబోయి కొంచెం తగ్గించమంటే, "ఒకటే రేటు. ఇష్టముంటే తీస్కో, లేకుంటే పో" అని వచ్చింది. నా చేతిలో కత్తెర ఆగిపోయింది. వెంటనే నాయనకు ఫోను చేశాను. తానుల వెనకనుంచి గుసగుసగా పలికాడు.

"ఆటున్న ఫోను మీయమ్మ గుంజుకున్యాది. నాకిస్తాలేదు. అన్నం గూడా నేనే వండుతాండా."

దండులో నేనున్నానని అమ్మకు తెలుసు. దండు పెద్ద పేరు అందరికన్నా పైనే కనిపిస్తుంది. అయినా పోలేదు. అట్లని మాట్లాడనన్న మాట కూడా తప్పలేదు. నోటితో చెబితే ఫోను రాసి పెడుతుంది కదా, అట్లా రాసేది. "జయచంద్రా, దండు పెద్దకు చెప్పు. ఇంజను ముందా, గోడౌను ముందా?" నేను అక్కడే ఉంటాను. జయచంద్రకు మా సంగతి చెప్పి ఉంచాను, దాని కిందనే మళ్లీ రాసేవాడు. "అక్కా, ఇంజను ముందా గోడౌను ముందా అని అడుగుతాండారు." గోడౌనని చెప్పన్నా, అని నేను. "గోడౌనంట పెద్దమ్మా" అని అతను. రోజంతా వచ్చేపోయేవాళ్లకు తాళాలు అందించే మనిషికి ఇదేం బరువు కాదు.

అట్లా మేము రోజూ మాట్లాడుకున్నాం. ఒకరోజు ఓడకూ బండకూ సంబంధం లేని ముక్క ఒకటి వచ్చింది. "దండు పెద్ద ఆదివారం గూడా షాపు తెరుస్తాందంట. అది మనిషా, మిషనా? అడుగు." జయచంద్ర దాన్ని నాకు అందించేలోపు నేను ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పలేను. అమ్మ నన్ను తిట్టి రెండేళ్లయింది.

ఆ రోజునుంచే నాకు భయం పట్టుకుంది. అమ్మ ఓడకు షీల్డు లేదు. ఓడ పగిలితే అమ్మ దండులోంచి పోతుంది. మొదటి మెట్టునుంచి మళ్లీ ఎక్కి రావడానికి ఆమెకు ఓపిక ఉంటుందా? ఉన్నా, నా దండులోకే వచ్చే సాకు మళ్లీ దొరుకుతుందా? మాట్లాడుకోవడానికి మాకున్న చోటు అదొక్కటే.

నేను తవ్వి దాచుకున్నదంతా పెట్టి గట్టి షీల్డు ఒకటి కొని అమ్మకు పంపాను. అమ్మ దాన్ని జయచంద్ర పుట్టినరోజుకు పంపింది. జయచంద్ర దాన్ని హేమలత మేడమ్ గృహప్రవేశానికి పంపాడు. మేడమ్ నా పెళ్లిరోజుకు నాకే పంపింది, దంపతులు చల్లగా ఉండాలని రాసి. ముందు గుడ్డ, ఇప్పుడు షీల్డు. నేను ఇచ్చింది ఏదైనా సరే నన్ను వెతుక్కుంటూ వస్తుంది. నేను కూడా ఆ తల్లి కడుపున పుట్టినదాన్నే. మళ్లీ అమ్మకే పంపాను. ఈసారి అది పెట్టెలో ఉండిపోయింది, పెట్టడానికి ఎవరి శుభకార్యమూ లేక.

ఆదివారం మధ్యాహ్నం షాపులో కాజాలు కుడుతుంటే వాళ్లు వచ్చారు. నోరు తిరగని పేరున్న దండు, ఎర్ర ఓడలు. సూది పక్కన పెట్టి రాశాను. "అందరూ షీల్డులు తగిలించండి. ఇప్పుడే."

హేమలత మేడమ్ తీరుబడిగా మొదలుపెట్టింది. "నాదగ్గర ఉండేది మా తోడికోడలు ఇచ్చిందమ్మా. వచ్చే నెల వాళ్లింట్లో పెండ్లి ఉండాది. వాళ్లది వాళ్లకే పెడితే బాగుండదు గాని ఇంగెవరికైనా..." దాని తర్వాతి ముక్క మాకెవరికీ తెలియదు. ఆమె ఓడ పగిలింది.

అది చూసి జయచంద్ర తన పెట్టె విప్పాడు. "తగిలిస్తాండానక్కా. మా బావమరిది పెండ్లికని పెట్టుకున్నా. ఇంగ దేవుడుండాడు." మిగిలినవాళ్లు కూడా ఒక్కొక్కరే, బీరువా తాళం పోగొట్టుకున్న మొహాలతో, విప్పడం మొదలుపెట్టారు. అమ్మ విప్పలేదు. రెండు ఎర్ర ఓడలు అమ్మ ఓడ చుట్టూ తిరుగుతున్నాయి.

"జయచంద్రన్నా, షీల్డు తగిలించమని చెప్పు" అని రాశాను.

"పెద్దమ్మా, షీల్డు తగిలించుకోవాలంట."

"దండు పెద్దకు చెప్పు. ఆ ఇంటినుంచి వచ్చిన నూలుపోగు కట్టనని ఎప్పుడో చెప్పినా."

"అది నూలు కాదని చెప్పు. ఇనుము."

"ఇనుమంట పెద్దమ్మా."

అమ్మ ఓడ ఒక పక్క కాలుతోంది. నేను నా ఓడను తీసుకుపోయి అడ్డం పెట్టాను. నా దానికి మాత్రం షీల్డు ఎక్కడుంది? ఆటే కదా అని ఎవరైనా అనవచ్చు. కాజాలు కుట్టాల్సిన రవిక కింద పడిపోయింది, తీయలేదు.

అప్పుడు అమ్మ ఓడ చుట్టూ నీలం రంగు వలయం ఒకటి లేచింది. దానిమీద అక్షరాలు. లావణ్య ఇచ్చింది. ఇక ఊడదు. ఇంకెవరి పుట్టినరోజుకూ పనికిరాదు. ఎర్ర ఓడలు కొట్టిన దెబ్బలన్నీ నా పేరు మీద పడి జారిపోతున్నాయి.

కింద ఇంకో ముక్క వచ్చింది. దానిముందు జయచంద్ర పేరు లేదు.

"ఏమే, నీ షీల్డు యాడ?"

అదే నీకిచ్చింది మా, అని రాయాలనుకున్నాను. అదే నీ, దాకా వచ్చాను. నా ఓడ పగిలింది. ఫోను నన్ను మొదటి మెట్టు మీద పడేసి, కొత్తగా చేరినందుకు శుభాకాంక్షలు చెప్పింది. దండు లేదు, రాతలు లేవు. ఓడలు ఎట్లా నడపాలో ఊరందరికీ నేర్పినదానికి ఆట మొదటి పాఠం మొదలుపెట్టింది.

కాసేపటికి జయచంద్ర ఫోను చేశాడు. అమ్మ ఓడ నిలబడిందట. ఎర్ర దండు విసిగి వెళ్లిపోయిందట. "పెద్దమ్మ ఒకటే అడుగుడక్కా, అది యాడికి పోయిందప్పా అని. షిప్పు పగిలింది, దండులో నుంచి పోయింది, రావాలంటే నెలలు పడతాదని చెప్పినా. షీల్డు ఎందుకు ల్యాదని అడిగింది. ఉండేదొక్కటీ నీకే ఇచ్చింది గదమ్మా అని చెప్పినా. ఇంగ ఏమీ రాయల్యా."

మరునాడు పొద్దున షాపు తెరిచి ఊడుస్తుంటే నాయన స్కూటరు వచ్చి ఆగింది. వెనకనుంచి అమ్మ దిగింది. మెట్టు ముందు నిలబడి బోర్డు చదివింది.

"ఇది షాపా, ఇల్లా?"

"షాపు మా."

"ఇల్లు యాడుండాది?"

"వెనక వీధిలో."

"అయితే సరే" అని లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చుంది. నాయన గుమ్మం దగ్గరే నిలబడి మబ్బు లేని ఆకాశాన్ని శ్రద్ధగా చూస్తున్నాడు. అమ్మ షాపంతా ఒకసారి కలియజూసింది. నా మొహం తప్ప అన్నీ చూసింది.

"కొత్తోళ్లకు నువ్వు రాసినవన్నీ చదివినా. షీల్డు వచ్చిన రోజే తగిలించుకోమని రాసినావు. చెప్పేదానికేనా, చేసేదానికి కాదా?"

నేను చీపురు మూలన పెట్టాను.

"పోయిన శ్రావణంలో గుడ్డ ఒకటి పంపినావు. నెమలి రంగుది. యాడుండాది?"

అరలోంచి తీసి ఇచ్చాను. అమ్మ మడత విప్పింది, మూలన ఎర్రదారాన్ని బొటనవేలితో తడిమింది, అంగడిలో చూసినట్టు గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టింది.

"ఇది నూలు గాదు. పట్టు" అంది, గుమ్మంలో ఉన్న నాయనకు కూడా వినిపించేటట్టు. "కత్తిరించు."

"కత్తిరిస్తే ఇంగొకరికి పెట్టేకి రాదు మా."

"బట్టలంగడి దానికి నువ్వు చెప్తావా?"

"ఆది రవిక తెచ్చినావా?"

"మర్చిపోయినా. కొలత తీస్కో."

ఆమె చేతిసంచిలోంచి పాత రవిక అంచు బయటికి కనిపిస్తూనే ఉంది. నేను చూడనట్టే ఉండి మెడలోంచి టేపు తీశాను. అమ్మ లేచి రెండు చేతులూ ఎత్తి నిలబడింది. ఛాతీ కొలత తీయాలంటే టేపును వీపు వెనకనుంచి చుట్టి ముందుకు తేవాలి, అందుకు మనిషి చుట్టూ చేతులు వేయాలి. వేశాను. కొలత చాలాసేపు కుదరలేదు. అమ్మ తొందర పెట్టలేదు.