కుడి పక్క సౌండ్ తక్కువ

“చేప పొలుసు తీసేటప్పుడు జారిందా, జారలా? ముందు అది చెప్పు,” అంటాడు మా ఆయన. వేలు తెగి నెత్తురు కారుతున్నా ఆయన అడిగేది కత్తి గురించి కాదు, నా చెవుల్లో ఉన్నవాటి గురించి.

మా ఆయన క్రీస్తురాజుకు వాకాడులో సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. మిగిలిన కాలమంతా యూట్యూబులో ఇన్‌ఇయర్ల గురించి చెబుతాడు. స్టేజీ మీద పాడేవాళ్ళు తమ గొంతు తమకు వినపడడానికి చెవి లోపలికంటా దూర్చుకుంటారే, అవి. కంపెనీలవాళ్ళు పంపిస్తారు, ఈయన వాటి మంచిచెడ్డలు చెబుతాడు. ఆ చానల్‌కి పేరు తెచ్చింది ‘వంటింటి టెస్ట్’. సముద్రం పక్క ఊరు మాది, ఉప్పుగాలికి కిటికీ ఊచలే నిలవవు. అలాంటిచోట పొయ్యి సెగకు, చెమటకు, చేపల నీళ్ళకు తట్టుకున్న వస్తువు ఎక్కడైనా తట్టుకుంటుందని ఆయన సిద్ధాంతం. సిద్ధాంతం ఆయనది, వంటిల్లూ చెవులూ నావి. వీడియోలో మాత్రం “మేం టెస్ట్ చేశాం ఫ్రెండ్స్” అంటాడు. ఆ ‘మేం’లో నేనెక్కడున్నానా అని మొదట్లో వెతుక్కునేదాన్ని, తర్వాత మానేశాను.

ఆ పని నాకు బాగానే పట్టుబడింది. పెళ్ళికి ముందు బుచ్చిరెడ్డిపాలెంలో మా సంఘంలో నేనే పాట ఎత్తుకునేదాన్ని. శ్రుతి వెంట్రుకవాసి తగ్గినా నా చెవికి తెలిసిపోయేది. ఇక్కడికొచ్చాక ఆ చెవి దేనికి పనికొచ్చిందంటే, పైడొప్ప రెండు సగాలూ అతికిన చోట సందు ఉందా, వైరు గుచ్చే పిన్ను వదులైందా, పప్పు రుబ్బేటప్పుడు చెవిలో కదులుతోందా, రెండు పక్కలా సౌండ్ సమంగా ఉందా, ఇవన్నీ చూసి చెప్పడానికి. పొద్దున నేను చెప్పిన మాటలు సాయంత్రం ఆయన గొంతులో వినపడేవి. పైగా మా అత్త ఎలిశబెతమ్మ పక్కింటావిడతో, “పాటలు వినుకుంటా పని చేసుకునేదానికీ పెట్టి పుట్టాల మే. మాకేముండె, రోకటి సద్దు తప్ప,” అనేది. చెవులు మూసుకుపోయి ఆమె పిలుపు నాకు వినపడకపోతే “చెవిటిదానా” అని గరిటె విసిరేది. అప్పటికి నాకు రెండు చెవులూ బాగానే ఉన్నాయి.

తర్వాత ఒక లోహపు ఇన్‌ఇయర్ల జత వచ్చింది. చూడడానికి నగలాగా ఉంది. చెవికి ఆనే లోపలి అంచు మాత్రం పదును. కోసుకుపోతోందని మొదటిరోజే చెప్పాను. ఆయన నా చెవిలోంచి దాన్ని లాగి, బనీనుకు తుడిచి, దీపం కింద తిప్పి తిప్పి చూశాడు. “నెత్తురికి కూడా మరక పట్టలా, చూసినావా! పూతంటే ఇది,” అన్నాడు సంబరంగా. నా చెవి వైపు చూడనేలేదు. ఒళ్ళు మండిపోయింది నాకు. అయినా మర్నాడు మళ్ళీ పెట్టుకున్నాను, ఎందుకంటే పెట్టుకోనంటే ఆయన వారం రోజులు మాట్లాడడు, అత్త ఆ వారమంతా మాట్లాడుతుంది. పుండు మానకముందే ఇంకో జత, ఆ తర్వాత ఇంకోటి. చీము కారితే అత్త వెల్లుల్లి నూనె కాచి పోసింది.

అలాంటప్పుడే ఒక కొత్త జత గురించి “అన్నీ బాగున్నాయి గానీ, కుడి పక్క సౌండ్ తక్కువ” అని చెప్పాను. ఆయన అదే మాట వీడియోలో చెప్పాడు, చేతులు ఊపి మరీ చెప్పాడు. చూసినవాళ్ళు తిట్లు మొదలుపెట్టారు. మా దగ్గరున్నది బాగుంది, నీ చెవులు కడుక్కో అన్నారు. కంపెనీవాళ్ళు ఫోన్ చేసి కడిగేశారు. ఆయన ఆ జతను తన చెవుల్లో పెట్టుకుని చూశాడు. రెండు పక్కలా సమంగానే ఉంది. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, ఎడమదాన్ని తీసి కుడి చెవిలో, కుడిదాన్ని ఎడమ చెవిలో కుక్కాడు.

“ఇప్పుడు?”

“కుడి పక్కే తక్కువ.”

నాకంటే ముందు ఆయనకే అర్థమైంది. ఆ ఒక్క క్షణం, నా తల మీద చెయ్యి వేస్తాడేమోనని ఎదురుచూశాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, నిజంగానే ఎదురుచూశాను.

“పరువు తీసినావు గదే!” అని అరిచాడు.

గుమ్మంలోంచి అత్త అందుకుంది. “ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నీ చెవిటితనానికి బంగారట్లాంటి వస్తువుకి వంక పెడితివే!”

మర్నాడు ఒక్కదాన్నే బస్సెక్కి నెల్లూరు పోయి చెవి డాక్టరుకు చూపించుకున్నాను. పుండు లోపలికంటా పాకి కర్ణభేరిని తినేసిందనీ, కుడి పక్క పోయిన వినికిడి ఇక పూర్తిగా రాదనీ ఆమె చెప్పింది. ఎడమ చెవిలోనూ అదే మొదలైందట. “ఈ రోజు నుంచి చెవుల్లో ఏదీ పెట్టకపోతే అదైనా దక్కుతుందమ్మా,” అంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కుడి చెవి వేలితో మూసుకుని చిన్నగా ఒక కీర్తన పాడుకున్నాను. ఎడమ చెవికి నా గొంతు ఇంకా వినపడుతోంది. దుఃఖం ఆగలేదు.

డాక్టరు మాటలు పొల్లుపోకుండా మా ఆయనకు చెప్పాను. అంతా విని, “ఎడమది పనిచేస్తానే ఉండాది గదా. ఇంకేంది?” అన్నాడు. ఆయన ధ్యాసంతా యూట్యూబులో పెట్టబోయే లైవ్ మీద ఉంది. జనానికీ కంపెనీకీ క్షమాపణ చెప్పాలట, అదీ నా నోటితో చెప్పించాలట. “లోపం పీసులో లేదు, నా చెవిలో ఉండాది, క్షమించండి. అంతే అను. ఏడవబాక. మంచి చీర కట్టుకో.”

కట్టుకున్నాను. ఆయన పక్కన, ఆయనకు ఎడమ వైపు కూర్చుని, ఫోన్ వైపు చూస్తూ నేర్పించిన మాటలు అప్పజెప్పాను. ఆయనకు ప్రాణం లేచివచ్చింది. “ఏం చేస్తాం ఫ్రెండ్స్! వస్తువుకి గ్యారంటీ ఉండాది, పెళ్ళానికి లేకపోయా!” అన్నాడు. తెర నిండా నవ్వు బొమ్మలు పొర్లాయి. ఫోన్ వెనక నిలబడిన అత్త కూడా నవ్వింది. ఆ హుషారులోనే ఆయన కొత్త డబ్బా విప్పి, అందులో ఎడమ పీసు తీసి నా చేతిలో పెట్టాడు.

“రేపట్నించీ ఎడమ పక్క ఈమె, కుడి పక్క నేను. జంటగా వంటింటి టెస్ట్! పెట్టుకో ఫ్లోరా, అందరూ చూస్తుండారు.”

చల్లగా, బరువుగా ఉంది అది. అలవాటు కొద్దీ బొటనవేలితో అంచంతా తడిమాను. గోరుతో అతుకు గీశాను. పిన్ను కదిపి చూశాను. ఆయన కెమెరాకేసి నవ్వుతూ ఎదురుచూస్తున్నాడు.

“మంచి వస్తువే,” అన్నాను ఫోన్ వైపు చూసి. “అతుకు కనపడదు. పిన్ను గట్టిగా ఉండాది. ఉప్పుగాలికి ఏమీ కాదు. లోపలి అంచు మాత్రం కత్తి మాదిరి ఉండాది. ఇట్లాంటి అంచే నా కుడి చెవిని కోసింది. పుండు మానకుండానే మళ్ళీ మళ్ళీ పెట్టించినారు. ఇన్నాళ్ళూ మీరు చూసిన వంటింటి టెస్టు నేనే చేసినాను. అట్లా చేసే నా చెవి పోయింది. ఎడమది ఇయ్యను.”

పీసును డబ్బాలో పెట్టి మూత వేశాను.

ఫోన్ ఆపాలని కూడా ఆయనకు తోచలేదు. నా వైపు తిరిగి, కుడి చెవి దగ్గరే నోరు పెట్టి తిట్టడం మొదలుపెట్టాడు. ఏం తిట్టాడో నాకు సరిగ్గా వినపడలేదు. చూస్తున్నవాళ్ళందరికీ వినపడింది. నేను తల తిప్పలేదు.