చెక్క ఫిరంగి

యెఫీమ్ లూకిచ్ ఫిరంగి గొట్టాన్ని గరుకు కాగితంతో మూడోసారి రుద్దుతున్నాడు. గొట్టం చెక్కది, లోపల డొల్ల. దాన్ని మోస్తున్న భారీ ట్యాంకూ చెక్కదే. ఉక్కుతో కట్టే ముందు పైవాళ్లు చూసి తల ఊపడానికి చేసిన నిలువెత్తు నమూనా అది. ముప్పై ఏళ్లుగా అతని పని ఇదే. ఇనుమనుకుని వేలితో తట్టి మోసపోయిన జనరల్ ఒక్కడు దొరికితే చాలు, ఆ వారమంతా అతనికి పండగే.

ఈ ట్యాంకును మాత్రం ఇక కట్టరు. జర్మన్లు లెనిన్‌గ్రాద్ పొలిమేరల్లోకి వచ్చేశారు. దెబ్బతిన్న ట్యాంకుల మరమ్మతుకే షెడ్డులో చోటు చాలడం లేదు.

"ముందు గొట్టం కోసెయ్యి, ఆ తర్వాతే బయటికి లాగించు," అన్నాడు షెడ్డు పెద్ద గ్లుష్కోవ్. "దుర్భిణీలో చూసే జర్మన్‌వాడికి అది చెక్కదని ఏం తెలుసు? నిజం ట్యాంకనుకుని గుండ్లు కురిపిస్తాడు. సాయంత్రానికి పొయ్యిలోకి పోవాలి."

"సరేలే."

రంపం ఆనించాడు, తీసేశాడు. ఎనిమిది నెలల పని మరి. "కోయక్కర్లేదట, లాగండి," అని కూలీలతో అబద్ధమాడాడు. ముసలాడి మొండితనం, అంతే.

గంట తిరక్కముందే మొదటి గుండు పడింది. రెండోది షెడ్డు కప్పు చీల్చుకుని దిగింది. వెల్డింగు చేసే తమారా కాళ్లు రెండూ మోకాళ్ల దగ్గర తెగిపోయాయి. పక్కనున్న ఇద్దరు గోడకు అంటుకుపోయారు. వాళ్లను మనుషులని గుర్తుపట్టడం కష్టమైంది.

తమారా చెల్లెలు రయీసా నెత్తుటి చేతులతో అతని కాలరు పట్టుకుంది.

"కోయమన్నారటగా! నీ బొమ్మ కోసం మా అక్క కాళ్లు కావాల్సొచ్చాయా బాబాయ్?"

షెడ్డులో ఇంకా అరవై మంది ఉన్నారు. రంపం పట్టుకుని బయటికి పరుగెత్తాడు.

గుండ్లు ఇంకా పడుతూనే ఉన్నాయి. ఎగిరొచ్చిన ఇనుప ముక్క ఒకటి చెవి తెంపుకుపోయింది. గొట్టానికి అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుని కోయసాగాడు. మరో ముక్క పక్కటెముకల్లో దిగింది. "తెగు, తెగి చావు!" అని కన్నబిడ్డలా చూసుకున్నదాన్నే తిట్టిపోశాడు. గొట్టం ఊడి మంచులో పడింది.

అవతలివాళ్లు ట్యాంకు చచ్చిందనుకున్నారో, చెక్కదని తెలిసి నవ్వుకున్నారో, గుండ్లు ఆగిపోయాయి. రయీసా వచ్చేసరికి లూకిచ్ చెక్క ట్యాంకుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, కళ్లు తెరిచే ఉన్నాయి, ఊపిరి లేదు. ఆమె అతన్ని క్షమించలేదు, అతని కళ్లు మాత్రం చేత్తో మూసింది.

మంచులో పడున్న గొట్టం మీద ఆ రంపపు కోత, అన్ని గుండ్ల మధ్యా, కొలబద్ద పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది.